పాలు అడిగిన స్తంభం

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ. నలభై ఏళ్ళది. ఏ కుండ కొన్నా వేలితో కొట్టి, చప్పుడు విని కొనేది.

ఆ ఏటి మీద వంతెన కడుతున్నారు. పూర్వమైతే సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసి గానుగ పట్టేవారు తల్లీ. గోడ నోరు తీపి చేసేవారన్నమాట. ఇప్పుడు సిమెంటు, ఇసుక, కంకర కలిపి మాలు చేస్తారు. కలిపేది ఆడవాళ్ళు, తట్టలు మోసేది ఆడవాళ్ళు. గవరమ్మా వాళ్ళలో ఒకతె. అరిచేది సన్యాసయ్య మేస్త్రీ.

నడిమి స్తంభం మూడుసార్లు బీటలిచ్చింది. మొదటిసారి ఏమీ వినపడలేదు. రెండోసారి లోపల ఎవరో మూలిగారు. మూడోసారి, అందరూ అన్నాలు తింటుండగా, స్తంభం సన్నగా అడిగింది.

"పాలు... పాలు..."

ముద్దలు చేతుల్లోనే ఆగిపోయాయి.

అప్పుడు సన్యాసయ్య, "బాలింతని అడుగుతోంది. ఇచ్చుకోక తప్పదు" అని, తట్టలు మోసే పైడమ్మ వైపు చూశాడు. పైడమ్మ ఒళ్ళో మూణ్ణెల్ల బిడ్డ. ఆమె మొగుడు తల వంచుకుని మజ్జిగ తాగాడు.

ఆ తర్వాత పైడమ్మని లోపల పెట్టి మాలు పోయడానికి స్తంభం పక్కన చెక్కలు బిగించారు. పైడమ్మ కాళ్ళకి పసుపు రాశారు. బిడ్డ ఏడవలేదు, స్తంభాన్నే చూస్తోంది.

గవరమ్మ తట్ట కింద పడేసింది. "ఉండండి, నేనోసారి వింటాను" అంది. వెళ్ళి వేలితో కొట్టింది. పైన ఠంగుమంది. కింద ఠంగుమంది. నడుమ మాత్రం డొల్లగా మోగింది.

"ఒరే సన్యాసయ్యా, ఇనప కమ్మీతో పొడిచి కూరకుండానే మాలు పోయించావా? లోపలంతా బోలు! ఇది అడిగింది సిమెంటు పాలురా. పాలనగానే ఆడదాని రొమ్మే గుర్తొచ్చిందా నీకు?"

సిమెంటుని నీళ్ళలో పల్చగా కలిపితే, దాన్నీ పాలనే అంటారులే తల్లీ.

అప్పుడు గవరమ్మ సుత్తితో ఒక పెచ్చు ఊడగొట్టింది. లోపల ఖాళీ. మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఆడమనిషంత ఖాళీ. పైడమ్మ ఎత్తే, పైడమ్మ భుజాల వెడల్పే. ఒళ్ళో బిడ్డకి కూడా చోటుంది.

గవరమ్మ ఆ ఖాళీలో కంకర మాలు గట్టిగా కూరింది. సందుల్లోకి సిమెంటు పాలు పోసింది. ఒక బిందె. రెండు బిందెలు. మూడో బిందెకి లోపల గుటక వినపడింది. అంతే, సద్దుమణిగింది.

ఆ తర్వాత గవరమ్మ పైడమ్మనీ బిడ్డనీ తనింటికి తెచ్చుకుంది. మొగుడొచ్చి వాకిట్లో ఎంత పిలిచినా తలుపు తీయలేదు.

కథేమో కంచికెళ్ళింది, నిద్రేమో మనింటికొచ్చింది.