ఇరవై రెట్ల కందెన

వెన్నముద్దల్లాంటి తెల్లని మేడలున్న విరిజాపురంలో పైడితల్లి ఎడ్లబండి తోలుకుని బతికేది. ఒకనాడు రత్నగుప్తుడనే వర్తకుడు రాజుగారికి ఘుమఘుమలాడే కొత్త కందెన తెచ్చి చూపించాడు. ఆముదం కంటే ఇరవై రెట్లు ఖరీదు.

“ఇది పూయని ఇరుసు నెల తిరక్కముందే విరుగుతుంది ప్రభూ!” అన్నాడు.

రాజు నమ్మేసి, అది పూయని బండిని జప్తు చేస్తామని చాటింపు వేయించాడు. కొనే తాహతు లేని పైడితల్లి గుండె చిక్కబట్టుకుని సభకు వెళ్ళింది.

అక్కడ వర్తకుడు పేర్పించిన కందెన కుండలను చూపిస్తూ, “ఈ కుండలన్నీ ఎట్టా వచ్చినాయి బాబూ?” అని అతన్ని అడిగింది.

“నా బండ్ల మీదే! మూడు నెలల ప్రయాణం. ఒక్క ఇరుసు విరిగితే ఒట్టు!” అన్నాడు వర్తకుడు మీసం దువ్వుతూ.

ఆమె వాకిట్లో ఉన్న అతని బండి ఇరుసును వేలితో తుడిచి, ఆ వేలు తెచ్చి రాజుకు చూపించింది. కాటుకంత నల్లగా, గడ్డిమసి కలిపిన మామూలు ఆముదం!

“నీ బండ్లకు నీ కందెన పూయలేదేమయ్యా?” అన్నాడు రాజు.

“అంత ఖరీదైంది బండ్లకు పూస్తే నాకేం గిట్టుతుంది ప్రభూ!” అని నోరు జారాడు వర్తకుడు.

సభంతా గొల్లున నవ్వింది. చాటింపు అక్కడికక్కడే రద్దయింది.

“సరుకు మంచిదే మారాజా,” అంది పైడితల్లి. “గుర్రాలు పరుగుదీసే తమ రథానికి పూయించండి. నా ఎడ్ల నడకకు ఆముదం చాలు.”

ఆ పూట రాజుగారే కోట వాకిలి దాకా నడిచొచ్చి ఆమె బండిని సాగనంపాడు.