బురదలో నిద్రపోయిన మొక్కలు

కాకినాడకు ఉత్తరాన, సముద్రపు ఒడ్డునున్న ఒక రొయ్యపిల్లల హేచరీలో కామేశం అనే ఉద్యోగి ఉండేవాడు. తాను పెంచిందే గొప్పది, మిగతాదంతా చెత్త అని అతని గట్టి నమ్మకం.

అతని పని చెబితే చిన్నదిగా అనిపిస్తుంది గానీ, హేచరీ మొత్తం దాని మీదే నడిచేది. సముద్రపు నీళ్లలో కంటికి ఆనని మొక్కలు తేలుతూ ఉంటాయి. వాటినే ప్లాంక్టన్ అంటారు. గుడ్డులోంచి వచ్చిన రొయ్యపిల్ల రెండు రోజులు తన ఒంట్లో ఉన్న సొనతోనే గడిపేస్తుంది. మూడో రోజు నోరు తెరుస్తుంది. అప్పుడు ఆ మొక్కలు అందితే బతుకుతుంది, అందకపోతే చచ్చిపోతుంది. వాటిని ఏసీ గదిలో, ట్యూబులైట్ల కింద, గాజు సీసాల్లో పెంచడమే కామేశం ఉద్యోగం.

పనిమంతుడే, కాదనలేం. వెతికి వెతికి ఒక రకాన్ని పట్టుకున్నాడు. వేరే రకాలు నాలుగు రోజుల్లో పెరిగేంత ఇది రెండు రోజుల్లోనే పెరిగేది. ఆ తీరం వెంబడి ఉన్న హేచరీల వాళ్లందరూ వచ్చి అడిగి మరీ పట్టుకెళ్లేవారు. దాని అసలు పేరు నోరు తిరగక "కామేశం రకం" అనేవారు. ఇంకేముంది, మనిషికి కళ్లు నెత్తికెక్కాయి. అల్మారాలో భద్రంగా ఉన్న మిగతా ఆరు రకాలనూ ఒక ఉదయం సింకులో పారబోశాడు.

హేచరీ నడిపే కృష్ణవేణి గారు కాస్త వెనకాడారు. "ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎలాగండీ కామేశం గారూ?" అని అడిగారు.

"పరుగెత్తేది ఉండగా పాకేవాటితో మనకేం పని మేడం? చోటు దండగ," అన్నాడు కామేశం.

ఆ హేచరీలో తొట్లు కడిగే నూకరత్నం అనే ఆవిడ ఉండేది. చేపలు పట్టేవాళ్ల ఇంటి మనిషి, వయసు యాభై దాటింది. సముద్రపు నీళ్లు నిలవ చేసే పెద్ద తొట్టి అడుగున పేరుకున్న గోధుమరంగు బురదను ఆవిడ డ్రమ్ములోకి ఎత్తి షెడ్డు వెనక నీడలో దాచుకునేది. అప్పుడప్పుడు కాస్త తీసుకెళ్లి ఇంటి దగ్గర కొబ్బరి మొక్కల మొదట్లో వేసుకునేది. కామేశం ఒకసారి చూశాడు.

"ఆ మురుగు ముట్టుకున్న చేత్తో నా గది తలుపు ముట్టుకోకు," అన్నాడు.

ఆ మాట నూకరత్నానికి చివుక్కుమంది. ఆ పూట తలుపు మోచేత్తో తోసుకుని వెళ్లింది.

అట్లతద్ది వెళ్లిన వారానికి తుపాను వచ్చింది. అలాంటిలాంటి తుపాను కాదు. స్తంభాలు కూలి కరెంటు పోయింది. పెద్ద జనరేటరు నీళ్లలో మునిగింది. మిగిలిన చిన్న జనరేటరు తల్లి రొయ్యల తొట్లకు గాలి కొట్టడానికే సరిపోయింది. మూడు రోజులు సూర్యుడి జాడే లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లాంతరు పట్టుకుని తిరిగారు.

నాలుగో రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. కామేశం తన గది తలుపు తీశాడు. గుప్పున వాసన కొట్టింది. ఒక్క సీసాలోనూ రంగు లేదు. అడుగున పాలిపోయిన మడ్డి మాత్రం మిగిలింది. గాలి లేదు, వెలుతురు లేదు, కామేశం రకం ఒక్కటీ మిగల్లేదు.

సరిగ్గా అదే పొద్దున తల్లి రొయ్యలు గుడ్లు పెట్టేశాయి. లక్షల గుడ్లు. సాయంత్రానికి పిల్లలవుతాయి. ఆ తర్వాత రెండు రోజులే గడువు.

కామేశం చుట్టుపక్కల హేచరీలన్నిటికీ ఫోన్లు చేశాడు. ఎవరిని కదిపినా ఒకటే జవాబు. "మా దగ్గర ఉన్నదీ నువ్విచ్చిన రకమే కదయ్యా. అంతా పోయింది. నీ దగ్గర కాస్త ఉంటుందేమో అడుగుదామనుకుంటున్నాం," అన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది. రోడ్డుకు అడ్డంగా చెట్లు పడ్డాయి, దూరం నుంచి తెప్పించే దారీ లేదు.

"ఈ పిల్లలు దక్కకపోతే గేటుకి తాళం వేయడమే కామేశం గారూ. ఇక్కడ పని చేసే ఇరవై మంది ఆడవాళ్లకి ఏం చెప్పాలో మీరే చెప్పండి," అన్నారు కృష్ణవేణి గారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ నూకరత్నం గొంతు సవరించుకుంది. "ఓ మాట చెప్తాను బాబూ, కోప్పడకండి. మొన్నామధ్య మా ఇంటి కాడ ఆ బురద అంటిన బకెట్టు ఉప్పునీళ్లతో ఎండలో వదిలేశానండి. మూడో రోజుకి నీళ్లు టీ రంగుకి తిరిగిపోయాయి. మీ సీసాల్లో ఉండే రంగేనండి."

'మురుగు' అనే మాట కామేశం నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. బోర్లించిన టబ్బు మీద కూలబడ్డాడు. కాలేజీలో చదివిన చదువు అప్పుడు గుర్తొచ్చింది.

"మేడం, ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట ఆకాశం నుంచి కొండంత బండ వచ్చి భూమ్మీద పడింది," అన్నాడు. "లేచిన దుమ్ముకి, పొగకి సూర్యుడు కనిపించలేదు. సముద్రంలో తేలే మొక్కల్లో ఎన్నో జాతులు అంతరించిపోయాయి. ఎండ బాగున్నన్నాళ్లూ సముద్రమంతా తామే అయి బతికినవి కూడా పోయాయి. కొన్ని మాత్రం మిగిలాయి. వాటిలో కొన్ని గట్టి పెంకు కట్టుకుని అడుగున బురదలో నిద్రపోయేవి. వెలుతురు వచ్చాక మళ్లీ లేచాయి. ఇంకొన్ని, ఎండ లేకపోతే తమకంటే చిన్న ప్రాణుల్ని తిని కడుపు నింపుకునేవి. ఆ నిద్రపోయే జాతులవి మన బురదలోనూ ఉండాలి."

"ఇదంతా తెలిసే ఆ ఆరు రకాలూ పారబోశారా బాబూ?" అంది నూకరత్నం. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది. కామేశం సిగ్గుతో తల దించుకున్నాడు.

తర్వాత లేచి, డ్రమ్ము తానే మోసుకొచ్చాడు. వెడల్పాటి తెల్లటి టబ్బుల్లో శుభ్రమైన సముద్రపు నీళ్లు పోసి, మేడ మీద ఎండలో వరసగా పెట్టించాడు. బురదను కాస్త ఉప్పునీళ్లలో కలిపి, సన్నటి వలగుడ్డలో వడకట్టి, ఆ నీళ్లను టబ్బుల్లో కలిపాడు. కాస్త ఎరువు వేశాడు. టబ్బులకు గాలి కొట్టడానికి కరెంటు లేదు కాబట్టి ఆడవాళ్లంతా వంతులవారీగా చేత్తో కలిపారు.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. కామేశం అన్నం ముట్టలేదు. "మీరు చూస్తున్నారని అవి తొరగా లేవవు గానీ, రెండు ముద్దలు తినండి," అని నూకరత్నం తన క్యారేజీ ముందుకు తోసింది. ఆ చేతి అన్నమే తిన్నాడు.

మూడో రోజు పొద్దున మేడెక్కిన ఆడవాళ్లు కేక వేశారు. టబ్బుల్లో పలచటి టీ రంగు. కామేశం పాత మైక్రోస్కోపు తీశాడు. దానికి కరెంటు అక్కర్లేదు, అద్దంతో ఎండను పట్టుకుంటే చాలు. చుక్క నీళ్లలో గొలుసుల్లాంటివి, గుండ్రటివి, ముళ్లున్నవి, అయిదారు రకాలు కదులుతూ కనిపించాయి. అతని రకం మాత్రం ఒక్కటీ లేదు. అది చూసి తనలో తాను నవ్వుకున్నాడు. పిల్లల నోట పట్టని పెద్దవాటిని వడకట్టి తీసేసి, మిగతావాటిని తొట్లలో వదిలాడు.

రొయ్యపిల్ల తిన్నదీ లేనిదీ తెలియాలంటే దాని వెనక చూడాలి. తింటే మలం సన్నటి దారంలా తోక వెంట వేలాడుతుంది. మధ్యాహ్నం కామేశం ఒక గాజు గ్లాసుతో పిల్లల్ని ముంచి ఎండకేసి పట్టాడు. కళ్లు మసకేశాయి. గ్లాసు నూకరత్నానికి ఇచ్చాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. "దారాలున్నాయి బాబూ. దాదాపు అన్నిటికీ ఉన్నాయి," అంది.

కృష్ణవేణి గారు మెట్ల మీదే కూర్చుండిపోయి కొంగుతో ముఖం తుడుచుకున్నారు. అందరికీ గుండె కుదుటపడింది. కొన్ని పిల్లలు పోయాయి, లేదనను. చాలావరకు దక్కాయి.

"రత్నమ్మా, ఆ రోజు నేనన్న మాట తప్పు," అన్నాడు కామేశం.

"పోనివ్వండి బాబూ," అంది నూకరత్నం. "కానీ ఇప్పుడు ఈ చేత్తోనే మీ గది తలుపు తీస్తాను." తీసింది కూడా. కడిగిన అల్మారాలో కొత్త సీసాలు సర్దింది.

దారులు తెరుచుకున్నాక పక్క హేచరీల వాళ్లు ఖాళీ సీసాలతో వచ్చారు. "వీటిలో ఏది గొప్ప రకం? అదొక్కటే ఇవ్వు," అన్నారు.

"ఏ కష్టం ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. కాబట్టి ఏది గొప్పదో కూడా తెలీదు. అన్నీ పట్టుకెళ్లండి," అన్నాడు కామేశం.

నీతి: మంచి రోజుల్లో అందరికంటే ముందున్నది కాదు, చెడ్డ రోజుల్లో ఓర్చుకుని సర్దుకుపోగలిగినదే నిలుస్తుంది, అందుకే ఇవాళ పనికిరాదని దేన్నీ, ఎవరినీ తీసిపారేయకూడదు.