గవరమ్మకు పొలమారిన కథ

ఒకప్పుడు మనుషులకు పొలమారేది కాదు. ముద్ద దారి ముద్దది, గాలి దారి గాలిది. ముద్ద నోట్లోంచి పొట్టలోకి పోయేది. గాలి ముక్కులోంచి పైపైనే ఒక ఇరుకు సందులో తిరిగేది. రెండూ ఎదురుపడేవే కావు.

హాయే కానీ, ఒక చిక్కుంది. ఇరుకు సందులోంచి మాట పెద్దగా వచ్చేది కాదు. అందరూ ముక్కుతో గొణిగేవారు. కబురు చెప్పాలంటే చెవి దగ్గరకు పోవాల్సిందే.

ఆ రోజుల్లో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకు కబుర్లంటే ప్రాణం. పొద్దున లేస్తే వాళ్ళ చెవిలో, వీళ్ళ చెవిలో గొణుగుతూనే ఉండేది. తింటూ గొణిగేది. నీళ్ళు తాగుతూ గొణిగేది.

ఒకరోజు గవరమ్మ జొన్నచేలో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలుతోంది. మంచె కింద బర్రె నెమరేస్తోంది. దూరంగా వాగు. వాగు మధ్యలో గవరమ్మ మొగుడు సన్యాసి, దూడల్ని కడుగుతూ కూనిరాగం తీస్తున్నాడు.

ఎగువన ఎక్కడో వాన పడినట్టుంది. ఎర్రటి నీళ్ళు గోడలా లేచి దొర్లుకుంటూ వస్తున్నాయి. మంచె మీదున్న గవరమ్మకు కనిపించాయి. వాగులో ఉన్న సన్యాసికి కనిపించలేదు.

"మావా! ఒడ్డెక్కు!" అని అరిచింది గవరమ్మ. ఆ గొణుగుడు మంచె దిగనేలేదు. కింద ఉన్న బర్రె కూడా తలెత్తలేదు.

గవరమ్మ మంచె అంచుకొచ్చి చూసింది. పరుగెత్తినా అందదు. అప్పుడే అటుగా గాలి వీచింది.

"గాలి తండ్రీ! నాకు పెద్ద గొంతు ఇవ్వు. నా మొగుడు కొట్టుకుపోతాడు!"

"ఇస్తాను. కానీ నీ గొంతులో నాకు చోటేదమ్మా? నేను ఊదే మాటల పెట్టె కాస్త కిందికి దింపుకోవాలి. అప్పుడు బూర ఊదినట్టు ఊదుతాను. అయితే నా దారీ ముద్ద దారీ ఒకచోట కలుస్తాయి" అంది గాలి.

"కలిస్తే కలవనీ!"

"అక్కడ ఒక చిన్న రెప్పను కాపలా పెడతాను. ముద్ద వస్తే నా తలుపు మూస్తుంది. మాట వస్తే తెరుస్తుంది. రెండూ ఒక్కసారే వస్తే దానికి కాళ్ళూ చేతులూ ఆడవు. కాబట్టి ముద్ద మింగేటప్పుడు మాట్లాడకూడదు. ఉండగలవా?"

"అయ్యో, నేనెప్పుడైనా తింటూ మాట్లాడానా?" అంది గవరమ్మ.

బర్రె తలెత్తి ఆవిడ వంక ఒకసారి చూసింది. "మాకు మాత్రం ఆ బేరం వద్దు. మాకు మేతే ముఖ్యం" అని మళ్ళీ నెమరేసుకుంది.

గాలి గవరమ్మ గొంతులోకి దిగింది.

"మావా! వాగొస్తోంది! ఒడ్డెక్కు!"

చేలో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. సన్యాసి ఉలిక్కిపడి దూడల్ని తోలుకుంటూ ఒడ్డెక్కాడు. వెనకాలే వాగు హోరున పోయింది. అతని తలపాగా మాత్రం దాంతో పోయింది.

ఊరంతా ముక్కున వేలేసుకుంది. "మాకూ ఆ గొంతు కావాలి" అన్నారు అందరూ. గాలి అందరికీ ఇచ్చింది. షరతు మాత్రం అందరికీ అదే.

ఆ సాయంత్రం గవరమ్మ ఇంట్లో చేపల పులుసు వండారు. చుట్టాలంతా చేరారు. గవరమ్మ ముద్ద ముద్దకీ కథ చెబుతోంది. మొదట్లో వాగు మొలలోతు ఉంది. చెప్పగా చెప్పగా ఇంటి కప్పు దాటింది.

"ఆ నీళ్ళు తాటిచెట్టంత…" అంటూ పెద్ద ముద్ద మింగబోయింది.

ముద్దా మాటా ఒక్కసారే వచ్చాయి. రెప్ప అటు చూసింది, ఇటు చూసింది. మూయాలో తెరవాలో తెలియక సగం తెరిచి ఊరుకుంది. ఆ సందులోంచి ఒక మెతుకు గాలి ఇంట్లోకి జారింది.

"ఎవరది నా ఇంట్లో?" అంటూ గాలి లోపల్నుంచి ఎగిరి తన్నింది.

ఖళ్! ఖళ్! గవరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం ఎర్రబడింది. మాట రాలేదు. ఊపిరి ఆడలేదు.

"ఒసే, నన్ను బతికించి నువ్వు పోతావా ఏంటే!" అంటూ సన్యాసి కంగారులో ఏం చేయాలో తోచక ఆవిడ నడినెత్తిన టపటపా తట్టాడు.

గాలి మళ్ళీ తన్నింది. ఖళ్ళున మెతుకు ఎగిరి వచ్చి అత్తగారి పులుసు గిన్నెలో పడింది.

గవరమ్మకు ఊపిరి వచ్చింది.

అత్తగారు గిన్నె పక్కకు జరిపి, "ఏమే, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడావు కదూ?" అంది.

గవరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంతమందిలో ఎలా ఒప్పుకుంటుంది?

"లేదత్తా. నన్ను… నన్నెవరో తలుచుకుంటున్నారు."

"ఎవరే?"

"మా పుట్టింటివాళ్ళే అయ్యుంటారు."

"పాపం, అంతేనేమో" అంటూ చుట్టాలంతా తలలూపారు. వాళ్ళ నోళ్ళలోనూ ముద్దలున్నాయి మరి.

అప్పటినుంచే, తింటూ మాట్లాడితే మనకు పొలమారుతుంది. గాలి దగ్గై వచ్చి తన ఇల్లు తనే ఊడ్చుకుంటుంది. పక్కవాళ్ళు నెత్తిన తడతారు, "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడానని మాత్రం ఈనాటికీ ఒక్కరూ ఒప్పుకోరు.