మందను కరిచిన కుక్క

ప్రశ్న అడగగానే చెప్పులు తొడుక్కోవడం వేదాద్రి గారి అలవాటు. వైద్య కళాశాలలో ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పిన మనిషే అయినా, జవాబు కుర్చీలో కూర్చుంటే దొరుకుతుందని ఎన్నడూ నమ్మలేదు.

ఆ ఉదయం శిష్యురాలు హిమజ వచ్చీరాగానే విరుచుకుపడింది. ఆమె వార్డులో స్వరూప అని పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఒంటిని కాయవలసిన కణాలే ఆ పిల్ల మూత్రపిండాలను తినేస్తున్నాయి.

"ఛాతీలోని థైమస్ గ్రంథిలో ప్రతి రక్షక కణానికీ పరీక్ష ఉంటుందనీ, సొంత ఒంటిని కరిచేవి అక్కడే చస్తాయనీ మీరే చెప్పారు కదండీ! మరి ఇవెలా తప్పించుకున్నాయి? ఇది కాపలానా, ద్రోహమా?"

ఆ ఒళ్ళుమంటతోనే రక్షక కణాలన్నిటినీ అణచే మందు రెట్టింపు మోతాదులో రాసి, చీటీ చేత్తో పట్టుకునే వచ్చింది. ఆయన చీటీ చదివారు. చెప్పులు తొడుక్కున్నారు.

ఊరి చివర కోత అయిన చేలో, ఎరువు కోసం గొర్రెల మంద పెట్టారు. వీళ్ళు వెళ్ళేసరికి కాపరి కొమరమ్మ చచ్చిన గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని మరిది ఎల్లయ్యను కడిగేస్తోంది. చంపింది తోడేలు కాదు, కావలి కుక్కే.

"సూడు సారూ! కుక్కపిల్లల్ని గొర్రెపిల్లల దొడ్లనే పెంచుతం. కరిసినదాన్ని ఆ పొద్దే తీసేస్తం. తోడేలును ఎవలన్న సూపిస్తరా? మనోళ్ళు ఎవలో ఎరుకైతే సాలు, కానోడు దానికే తెలుస్తడు. ఈ కుక్క పిల్లప్పుడే ఒక గొర్రెపిల్ల చెవి కొరికింది. తీసెయ్యమన్న. 'మస్తు పౌరుషముంది, ఉండనీ వదినా' అన్నడు. ఇంటోళ్ళ మీదనా పౌరుషం!"

ఎల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో దుడ్డుకర్ర అందుకుని, కనబడిన కుక్కనల్లా బాదబోయాడు. తప్పు తనదైతే దెబ్బలు కుక్కలకా? కొమరమ్మ లేచి కర్ర పట్టేసింది.

"తప్పు జేసింది ఒక్కటి. దాన్ని కట్టెయ్. అన్నిటి నడుములు ఇరగ్గొడితే, తోడేలు వస్తె అడ్డం నువ్వు పోతవా?"

ఎల్లయ్య కర్ర వదిలేశాడు. హిమజ చేతిలో చీటీ నలుగుతోంది.

తిరిగి వస్తూ వేదాద్రి గారు ఆసుపత్రి గేటు దగ్గర ఆగారు.

"కోపం న్యాయమైనదేనమ్మా. కర్ర ఎవరి మీదికి ఎత్తావో చూసుకో."