సన్యాసి కడుపులో పులి

బుర్రావారికి తెలివెక్కువ. ఈ మాట ఊళ్ళో మొదట చెప్పింది బుర్రావారే. ఆ తర్వాత ఇంకెవరూ చెప్పలేదు కాబట్టి ఇప్పటికీ వాళ్ళే చెప్పుకుంటున్నారు. ఇంట్లో ఉండేది పెద్దవాడు సన్యాసి, అతని పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు అప్పలకొండ. చదువుకున్నవాళ్ళు ఏదైనా చెబితే అక్షరం పొల్లు పోకుండా అలాగే చెయ్యడమే తెలివని వాళ్ళ నమ్మకం.

ఒకసారి సన్యాసి పెళ్ళిభోజనానికి వెళ్ళి పనసపొట్టు కూర పీకలదాకా తిని వచ్చాడు. అంతే, పొట్ట డోలులా ఉబ్బింది. కూర్చోలేడు, పడుకోలేడు, గుండెల్లో మంట. తను పోతే గేదెను మాత్రం అమ్మొద్దని అప్పగింతలు మొదలెట్టాడు. పైడమ్మ గొల్లుమంది. ముగ్గురూ బస్సెక్కి టౌన్లో డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

ఆ డాక్టరు మంచివాడే. పల్లెటూరివాళ్ళకు తెలుగులో చెబితేనే తలకెక్కుతుందని ఆయన అభిప్రాయం. ఆ తెలుగు ఆయన పుస్తకాల్లో నేర్చుకున్నాడు. తలెత్తకుండానే పొట్ట నొక్కి, "పులితేన్పులు వస్తున్నాయా?" అని అడిగాడు. తేన్పులైతే వస్తున్నాయన్నాడు సన్యాసి. ఇది అజీర్ణమని, కడుపులో గ్యాస్ చేరిందని, గుండెల్లో మంట అందుకేనని, కొన్నాళ్ళు నోరు కట్టుకోవాలని చెప్పాడు డాక్టరు. ఒక సీసా చేతికిచ్చి, "దీన్ని పరగడుపున ఒక మూత తాగించండి. సుఖవిరేచనం అవుతుంది" అన్నాడు. అర్థమైందా అంటే ముగ్గురూ ఒక్కసారే తలలూపారు. ఆయన చాలా సంతోషించాడు.

ఇంటికొచ్చాక అప్పలకొండ అంతా విప్పి చెప్పాడు. తేన్పులు అన్నయ్యవి కావు, పులివి. అంటే పులి లోపలుంది. ఎలా దూరిందని పైడమ్మ అడిగితే, అన్నయ్య నోరు తెరుచుకునే కదా నిద్రపోతాడన్నాడు. డాక్టరు నోరు కట్టమన్నది అది బయటికి దూకకుండానే. ఇంకేముంది, తువ్వాలు తెచ్చి సన్యాసి నోరు బిగించి కట్టేశారు.

పైడమ్మకు ఇంకో భయం పట్టుకుంది. కడుపులో గ్యాసుంది, దానిమీదే గుండెల్లో మంట ఉంది. రెండూ కలిస్తే ఇల్లు లేచిపోదా? వెంటనే పొయ్యి ఆర్పేసింది. గోనెసంచి తడిపి మొగుడి గుండెలమీద పరిచింది. అతను చలికి వణుకుతుంటే, పులి గింజుకుంటోందని ఇంకో సంచి పరిచింది.

ఇక మందు. పైడమ్మ మూతలో పోసి మొగుడి దగ్గరికి తీసుకెళ్తుంటే అప్పలకొండ అడ్డం పడ్డాడు. "పరదేశమంటే మన దేశమా వదినా? పరగడుపంటే ఇంకొకళ్ళ కడుపు. ఆ ఇంకొకణ్ణి నేనే" అని అన్నకోసం గుటుక్కున మింగేశాడు. అంతే, పెరట్లోకి పరుగు. వచ్చాడు, మళ్ళీ పరుగు. నోటికి గుడ్డతో సన్యాసి చేతులు తిప్పి ఎలా ఉందని అడిగాడు. విరేచనమైతే వచ్చింది గానీ సుఖం ఇంకా రాలేదన్నాడు అప్పలకొండ. మందు చాల్లేదేమోనని పైడమ్మ ఇంకో మూత పోసింది. అప్పటికీ రాలేదు. సీసా అడుగంటేదాకా ముగ్గురూ సుఖం కోసం ఎదురుచూశారు.

ఈలోగా తిండి లేక పడున్న సన్యాసికి పొట్ట తగ్గి ఒళ్ళు తేలికపడింది. పులి ఆకలికి చచ్చిందని తేల్చుకుని తువ్వాలు విప్పారు. అప్పలకొండ మాత్రం గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోతున్నాడు. కళ్ళు గుంటల్లోకి పోయాయి. తనకోసం తమ్ముడు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని సన్యాసి ఏడ్చి, వాణ్ణి వీపున వేసుకుని మళ్ళీ టౌనుకు తీసుకెళ్ళాడు.

డాక్టరు జరిగిందంతా విన్నాడు. పులి అంటే పులుపని చెప్పబోయి, మానుకున్నాడు. అప్పలకొండకు సెలైను ఎక్కించి గండం గట్టెక్కించాడు. ఇంటికి పంపేటప్పుడు, ఇక పుస్తకాల మాట ఒక్కటీ వాడకూడదని ఒట్టు పెట్టుకుని, పసిపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "నీళ్ళు కాచి తాగండి. బాగా కాయాలి. అంతే, ఇంకేం చెయ్యొద్దు."

ఇందులో తికమకేముంది? ఏటా మొక్కజొన్న చేను కాసేవాళ్ళే వాళ్ళు. ఇంటికి రాగానే కాలవలో కుండ ముంచి తెచ్చి వాకిట్లో పెట్టారు. చుట్టూ ముగ్గురూ కర్రలు పట్టుకుని కూర్చున్నారు. కోడి వస్తే అదిలించారు, కుక్క వస్తే తరిమారు. పక్కింటి ముత్యాలమ్మ చూసి ఇదేం పనని అడిగింది. నీళ్ళు కాస్తున్నామన్నాడు సన్యాసి. మరి పొయ్యి ఏదని అడిగిందావిడ.

"కాయడానికి పొయ్యెందుకు పిన్నీ, కర్ర ఉందిగా" అన్నాడు అప్పలకొండ నీరసంగా.

అంతలో కుండ అంచుమీద ఈగ వాలింది. సన్యాసి లేచి, శక్తికొద్దీ కర్ర ఎత్తి ఒక్కటేశాడు. ఈగ ఎగిరిపోయింది. కుండ పగిలి నీళ్ళు వాకిలంతా పారి, గేదె పేడలో కలిశాయి. అంత కష్టపడి కాచిన నీళ్ళు నేలపాలు కానిస్తారా? ముగ్గురూ బోర్లా పడుకుని చుక్క మిగలకుండా తాగేశారు.