మునిరత్నం ‘ని’ నేర్చుకున్న సంగతి

సూళ్లూరుపేటలో మునిరత్నం అనే ఫిట్టరు, తప్పు మాట్లాడితే నలుగురూ నవ్వుతారని నోరు విప్పేవాడు కాదు. అతను పనిచేసే ఫ్యాక్టరీ జపాన్‌వాళ్లది. అక్కడ దుబాసీ ఉద్యోగం మీద ఆశపడి, జపనీస్ నేర్చుకోవడానికి సుభాషిణమ్మగారి మేడ గదికి వెళ్లేవాడు. ఆవిడ పెళ్లయ్యాక పన్నెండేళ్లు జపాన్‌లోని కోబేలో కాపురం చేసి, కూరగాయల అంగట్లో మాట్లాడుతూ ఆ భాష నేర్చుకున్నారు.

ఆ సాయంకాలాలు తలుచుకుంటే మునిరత్నానికి ఇప్పటికీ మనసు మెత్తబడుతుంది. నేర్చుకునేవాళ్లంతా గదిలోకి రాగానే ఆ రోజు ఏం చేశారో జపనీస్‌లో చెప్పాలి, అప్పుడే కూర్చోవాలి. ఆవిడ దిద్దేవారు, అందరూ కడుపుబ్బ నవ్వుకునేవారు, తర్వాత ఉలవగుగ్గిళ్లు తినేవారు. మునిరత్నం మాత్రం గొంతు బాగాలేదని సాకు చెప్పి మూల కూర్చునేవాడు.

ఒకనాడు ‘ని’ పాఠం వచ్చింది. జపనీస్‌లో అది చిన్న మాటే గాని, చోటు చెప్పాలన్నా, వేళ చెప్పాలన్నా, ఒకరికి ఇచ్చామన్నా, ఒకరి దగ్గర తీసుకున్నామన్నా పేరు పక్కన అదే చేరుతుంది. మునిరత్నం ఆ వాడుకలన్నీ పట్టిక గీసి, నిద్రలో లేపినా చెప్పేంతగా కంఠస్థం చేశాడు. అదే ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడికే చదువుకు వచ్చే రేణుక మాత్రం రోజూ ఎక్కడో ఒకచోట తప్పు చెప్పి, నాలుక కరుచుకుని, మళ్లీ చెప్పేది.

దుబాసీ ఎంపిక రోజు వచ్చింది. జపాన్ నుంచి వచ్చిన పెద్దాయన వ్యాకరణం ఊసే ఎత్తలేదు. నిన్న ఎక్కడికి వెళ్లావు, ఎవరిని కలిశావు అని ఇంటి మనిషిలా అడిగాడు. మునిరత్నం మనసులోనే పట్టిక వెతుక్కుంటూ ఉండిపోయాడు. పెద్దాయన రేణుక వైపు తిరిగాడు. రేణుక రెండు తప్పులతోనే చెల్లెలి ఇంటి కబుర్లన్నీ చెప్పేసింది. ఒక మాట దగ్గర ఆగి, సరైనదేదో ఆయననే అడిగింది. ఉద్యోగం ఆమెకే ఇచ్చారు.

ఆ సాయంత్రం మునిరత్నం మేడ మెట్ల మీదే కూలబడ్డాడు.

"అన్నీ వచ్చమ్మా. ఒక్కటీ బయటికి రాలేదు," అన్నాడు.

"వచ్చిందని నీకెట్టా తెలిసింది అబ్బయ్యా?" అన్నారు సుభాషిణమ్మగారు. "తప్పో ఒప్పో నోటితో అను. దిద్దేదానికే గదా నేనుండేది."

మర్నాటి నుంచి అతను మాట్లాడాడు. అందరూ నవ్వారు, అతనికేమీ కాలేదు. మూడేళ్లకు తనూ దుబాసీ అయ్యాడు. ఆ కబురు చెబుదామంటే అప్పటికి ఆవిడ లేరు. ఈనాటికీ ఏదైనా మాట తడబడితే, దిద్దే ఆ గొంతు వినబడక అతని కళ్లు చెమ్మగిల్లుతాయి.

తప్పు వస్తుందేమోనని దాచుకున్న చదువు అక్కరకు రాదు. దిద్దేవాళ్లు ఉన్నప్పుడే నోరు విప్పి నేర్చుకోవాలి.