మంచు విడిచేలోగా ఒక ఉదాహరణ

అనగనగా ఒక అడవి. అడవి అన్నానే గానీ, చలికాలం వచ్చిందంటే అది కంటికి కనిపించేదే కాదు. తెల్లటి మంచు దిగి చెట్లనీ పుట్టల్నీ, చివరికి ఏనుగుని కూడా కప్పేసేది. పక్కన నిలబడింది ఎవరో తెలియాలంటే మాట్లాడాల్సిందే. నవ్వకు చిన్నోడా, నిజం! ఒకసారి ఒక ఎలుగుబంటి తేనెపట్టు అనుకుని ఇంకో ఎలుగుబంటి ముక్కు నాకేసింది.

ఆ మంచులో గడ్డి పెరగదు, పండు పండదు. అందుకని చలికాలం మొదట్లోనే అందరూ కలిసి ఊబి దాటి ఎండగుట్టకి వెళ్ళిపోయేవాళ్ళు. గుట్ట మీద వెచ్చగా ఉంటుంది, తినడానికి బోలెడు ఉంటుంది. దారి మాత్రం సన్నం. అటూ ఇటూ బురద. అడుగు తప్పితే అంతే సంగతులు.

ఆ అడవిలో తంగేడు అని ఒక ముళ్ళపంది పిల్ల ఉండేది. దానికొక తమ్ముడు. పేరు ఉసిరి. వాడు ఒక కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. నడుస్తుంటే ఒంటి మీద ముళ్ళన్నీ గలగలమంటాయి.

పోయిన చలికాలం ఏమైందో చెబుతాను వినండి. గుంపుకి ముందు కుందేలు నడిచింది, గబగబా. తంగేడు మధ్యలో ఉంది. ఉసిరి వెనకపడ్డాడు.

"ఉసిరీ, వస్తున్నావా?" అని అరిచింది తంగేడు.

"వస్తున్నానక్కా!"

కాసేపాగి మళ్ళీ అరిచింది. ఈసారి వాడి గొంతు చాలా దూరం నుంచి వచ్చింది. ఇంకోసారి అరిచింది. మంచులో నుంచి ఏమీ రాలేదు. వెనక్కి వెళదామంటే దారి సన్నం, వెనకున్నవాళ్ళు తోసుకొస్తున్నారు.

చలికాలమంతా ఉసిరి ఇవతలే ఉండిపోయాడు, ఒక్కడే. ఎండుటాకులు, చెట్టు బెరడు నమిలి బతికాడు. ఎండలు మొదలై గుంపు తిరిగొచ్చేసరికి పిల్లాడికి ముళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పట్నుంచి నోరు కూడా విప్పడం మానేశాడు. ఏమడిగినా తల ఊపుతాడు, అంతే.

ఈ ఏడు మళ్ళీ మంచు దిగింది. ఒకరోజు అక్కాతమ్ముళ్ళు దుంపలు తవ్వుకుని తిని ఇంటికొస్తున్నారు. దారిలో ఉసిరి ఆగిపోయాడు.

"ఈసారి నేను రానక్కా," అన్నాడు. ఎన్నాళ్ళకో నోరు విప్పాడు, ఆ మాట అనడానికి!

"నోర్ముయ్," అంది తంగేడు. అని పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణమే అనుకుంది, ఈ ఏడు దారిపెద్ద తనే కావాలని.

దారిపెద్ద అంటే ఎవరో చెప్పలేదు కదూ? గుంపు ఎలా నడవాలో చెప్పేవాళ్ళు. దానికొక పరీక్ష ఉంది. తెల్లారగానే ఊబి ఒడ్డున ఉన్న బండ మీద నిలబడాలి. అడవి అంతా చుట్టూ మంచులో కూర్చుంటుంది. ఎవరూ కనిపించరు. దుప్పి పెద్దమ్మ ఒక ప్రశ్న అడుగుతుంది. మంచు విడిచేలోగా జవాబు చెప్పాలి. ఉత్త జవాబు చాలదు, ఒక ఉదాహరణ కూడా చెప్పాలి. ఎవరి మాట అడవి నమ్మితే వాళ్ళే దారిపెద్ద. ఆ ఏడంతా ఆ మాటే చెల్లుతుంది. మంచు విడిచిందా, ఇంక నోరు మూసుకుని దిగిపోవడమే. నీ పరీక్షలో బెల్లు కొట్టినట్టే అనుకో.

పరీక్ష ఉన్నచోట ట్యూషన్ ఉండకుండా ఉంటుందా? ఇప్ప చెట్టు మీద గోరింక మాస్టారు ట్యూషన్ పెట్టారు. పొద్దున్నే ఛాతీ పొంగించి మొదలుపెట్టేవారు.

"పిల్లలూ! ఏ ప్రశ్న వచ్చినా కంగారు పడొద్దు. మూడు ఉదాహరణలు బట్టీ పట్టండి. ఒకటి, కొండని కదిలించిన సింహం. రెండు, హిమాలయాలు దాటిన హంసలు. మూడు, సముద్రాన్ని చీల్చిన తిమింగలం. పెద్దవి చెబితే పెద్దవాళ్ళు అనుకుంటారు. అర్థమైందా?"

"అర్థమైంది మాస్టారూ!" అన్నారు కుందేలూ, నెమలీ.

"మాస్టారూ, సముద్రం ఎలా ఉంటుంది?" అని అడిగింది తంగేడు.

"అది నీకెందుకమ్మా? పరీక్షలో రాదు," అన్నారు మాస్టారు.

సరే, పాపం తంగేడు కూడా బట్టీ పట్టింది. నిద్రలో కూడా "తిమింగలం, తిమింగలం" అని కలవరించేది. ఉసిరి లేచి కూర్చుని వింతగా చూసేవాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. కుందేలూ, నెమలీ, తంగేడూ బండ ఎక్కారు. చుట్టూ తెలుపే. కింద నేల లేదు, పైన ఆకాశం లేదు. ఎక్కడెక్కడి నుంచో ఊపిరి చప్పుళ్ళు మాత్రం వస్తున్నాయి. పెద్దవి కొన్ని, చిన్నవి కొన్ని. అడవంతా ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు ఉంది.

మంచులో నుంచి దుప్పి పెద్దమ్మ గొంతు మెల్లగా వచ్చింది.

"నాయనలారా, ఇదీ ప్రశ్న. మంచులో గుంపు నడిచేటప్పుడు అందరికంటే ముందు ఎవరు నడవాలి?"

ఇంతకాలం తంగేడు కడుపులో రగులుతున్న ప్రశ్నే అది!

కుందేలు ఒక్క గెంతులో ముందుకొచ్చింది. "బలమైనవాళ్ళు, వేగమైనవాళ్ళు ముందు నడవాలి! ఉదాహరణకి, ఒక సింహం ఉండేది. దారిలో కొండ అడ్డొస్తే కదిలించేసింది. దాని వెనక అందరూ గట్టెక్కారు!"

"ఓహో! దాని వెనక ఎవరెవరు నడిచారు నాయనా?" అంది పెద్దమ్మ.

"అదీ... అందరూ."

"అందరూ అంటే?"

కుందేలు చెవులు వేలాడేసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

నెమలి మెడ సాచింది. "ఉదాహరణకి, ఒక సింహం..." అని మొదలుపెట్టిందో లేదో, మంచులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలుగుబంటి అనుకుంటా. నెమలి గబగబా మాట మార్చింది. "కాదు కాదు, హంసలు! అన్నిటికంటే బలమైన హంస ముందు ఎగిరితే, హంసలన్నీ హిమాలయాలు దాటేశాయి."

"అన్నిటికంటే వెనక ఉన్న హంస కూడా దాటిందా తల్లీ?"

నెమలి తోక ముడుచుకుంది. "అది మాస్టారు చెప్పలేదు," అంది చిన్నగా.

ఇంక మిగిలింది తంగేడు. తిమింగలం నాలుక చివర సిద్ధంగా ఉంది. నోరు తెరిచింది. కానీ పెద్దమ్మ "తర్వాత?" అంటే ఏం చెబుతుంది? సముద్రం ఉప్పగా ఉంటుందో తియ్యగా ఉంటుందో కూడా దానికి తెలియదు! నోరు మూసేసింది. తిమింగలం వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మరి తను చూసింది ఏముంది? ఒకటి ఉంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

"ఒకసారి ఇలాంటి మంచులోనే చెరువు దగ్గర నిలబడ్డాను పెద్దమ్మా," అంది తంగేడు. "ఎదురుగా అంతా తెల్లగా ఉంది. ఉన్నట్టుండి ఆ తెలుపే రెక్కలు విప్పింది. కొంగలు! అంతసేపూ నా ముందే ఉన్నాయి, నేనే మంచు అనుకున్నాను. చప్పుడు లేకుండా పైకి లేచాయి. ఒక ఈక తిరుగుతూ తిరుగుతూ దిగి నా ముక్కు మీద వాలింది. ఇంకా వెచ్చగా ఉంది."

లేళ్ళు కళ్ళు మూసుకున్నాయి. ఏనుగు తొండం ఎత్తి, గాలిలో ఆ ఈక కోసం మెల్లగా వెతికింది. ఎక్కడో ఒక పిట్ట పిల్ల "ఇంకా చెప్పక్కా" అంది.

చెప్పాలనే ఉంది తంగేడుకి. అసలు బాగున్న ముక్క ఇంకా రానేలేదు మరి!

"చాలా బాగుంది తల్లీ," అంది పెద్దమ్మ. ఆమె గొంతు కూడా కొంచెం తడిగా ఉంది. "కానీ నేను అడిగిందేమిటి?"

తంగేడు ఉలిక్కిపడి తల ఎత్తింది. పైన ఒక మద్దిచెట్టు కొమ్మ మసక మసకగా కనిపిస్తోంది. మంచు పలచబడుతోంది! కొంగల కథ చెబితే అందరూ ఆహా అంటారు. ఆహా అని, మళ్ళీ కుందేలు వెనకే పరిగెడతారు. ఉసిరి మళ్ళీ చెట్టు బెరడు నములుతాడు.

ఆ కొంగల్ని అక్కడే వదిలేసింది తంగేడు. ఎంత కష్టమనిపించిందో! అయినా వదిలేసింది.

"అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళే ముందు నడవాలి," అంది గట్టిగా.

మంచులో గుసగుసలు లేచాయి. "అదేం మాట?" అని ఎవరో అన్నారు కూడా.

"మొన్న నేనూ మా తమ్ముడూ దుంపలకి వెళ్ళాం. నేను ముందు నడిచాను. వాడు తప్పిపోయాడు. వెతికి పట్టుకొచ్చాను. మళ్ళీ తప్పిపోయాడు. నాకు ఒళ్ళు మండి, నువ్వే ముందు ఏడువు అని వాణ్ణి ముందుకి తోశాను."

"అప్పుడు?"

"వాడి ముళ్ళు గలగలమన్నాయి. ఆ చప్పుడు వెంట నడిచాను. చప్పుడు ఆగితే నేనూ ఆగాను. నేల మెత్తగా ఉంటే వాడు ఆగి, కాలితో తడిమి పక్కకి తిరిగాడు. వాడికి అలవాటే, ఎప్పుడూ చూసుకునే అడుగేస్తాడు. నేను బురదలో ఒక్కసారి కూడా దిగబడలేదు. ఇద్దరం ఒకేసారి చేరాం."

"ఆలస్యం కాలేదూ?"

"అయింది పెద్దమ్మా. కానీ వాడికోసం వెనక్కి తిరిగి రావాల్సిన పని పడలేదు."

"దుంపలు బాగున్నాయా?"

"ఒకటి చేదుగా ఉంది. వాడు అదే ఏరి నాకిచ్చాడు!"

అడవంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వు మంచులో చాలాసేపు తిరిగింది. తర్వాత ఏవో అడుగుల చప్పుళ్ళు వినిపించాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. పెద్దమ్మ ఇంకేమీ అడగలేదు.

మంచు విడిచింది.

తంగేడు చుట్టూ చూసింది. బండ కింద ఎవరూ లేరు. కుందేలు లేదు, నెమలి లేదు. గడ్డి మీద కూర్చున్న గుర్తులు మాత్రం ఉన్నాయి. "అయిపోయింది. నా మాట నచ్చక అందరూ లేచి వెళ్ళిపోయారు," అనుకుంది. అక్కడే కూలబడింది. కొంగల కథే చెప్పి ఉంటే బాగుండేదేమో అని కూడా అనిపించింది.

అప్పుడు వినిపించింది, ఊబి వైపు నుంచి.

గలగల. గలగల.

తంగేడు లేచి చూసింది. సన్నటి దారి మీద అడవి అడవంతా వరసగా నిలబడి ఉంది. అందరికంటే చివర ఏనుగు. దాని ముందు అడవిదున్నలు. వాటి ముందు దుప్పి పెద్దమ్మ, లేళ్ళు, నెమలి. ఎప్పుడూ ఎగిరెగిరి పడే కుందేలు కూడా బుద్ధిగా ముసలి ఎలుగుబంటి వెనక నిలబడింది. ఎలుగుబంటి ముందు, అందరికంటే ముందు, ఉసిరి! ఒక కాలు ఈడుస్తూ, ముళ్ళు గలగలలాడిస్తూ, నేల తడిమి చూసుకుంటున్నాడు.

వాడు ఆగాడు. వాడు ఆగితే అడవంతా ఆగింది. వెనక్కి తిరిగి, ఏడాదిగా దాచుకున్న గొంతంతా పెట్టి అరిచాడు.

"అక్కా, వస్తున్నావా?"

"వస్తున్నాన్రా!" అంది తంగేడు. ఏడుస్తూ నవ్వుతూ బండ దిగి, ఏనుగు వెనక నిలబడింది. ఆ ఏడు ఊబి దాటడానికి చాలా ఆలస్యమైంది. గుట్ట మీద ఎండలో కూర్చుని లెక్క చూసుకుంటే మాత్రం ఎవరూ తగ్గలేదు.

నీతి: జవాబు చెప్పేటప్పుడు పెద్ద ఉదాహరణ కోసం, అందమైన ఉదాహరణ కోసం వెతుకుతూ, ఉన్న కాస్త సమయం పోగొట్టుకోకూడదు. అడిగినదానికి సరిపోయేదీ, "తర్వాత?" అంటే తడుముకోకుండా చెప్పగలిగేదీ చాలు.